పట్టీ మీద వేలు

వంతెన కొట్టుకుపోయిన పెద్ద వరద ఏడు కాదు, దాని తర్వాత వచ్చిన చిన్న వరద ఏడు జరిగింది ఇది. చిన్న వరదలో నీళ్ళు మోకాలు దాటలేదు. కాని ఏ ఇంట్లో చూసినా మోటారు ఉండేది మోకాలి కిందే. నీళ్ళు తీసిన మర్నాడు తలుపు తెరిచేసరికి, మోటార్లకి తీగ చుట్టే వైండింగాయన షాపు ముందు అవి వరసగా కూర్చుని ఉన్నాయి. నీళ్ళ పంపులవి, బట్టలుతికే మిషన్లవి, పిండిమరది. ఒక్కోదాని నోట్లోంచి బురద కారుతోంది.

ఆయన ఇంట్లో మునిగింది ఒక్క ఫ్యాను రెగ్యులేటరు. మంచం మీద నుంచి చెయ్యి చాపితే అందాలని ఆయనే దాన్ని గోడకి బాగా కిందికి బిగించాడు. అది ఆయన తెలివి. కొత్తది కొందామంటే బజార్లో ఒక్క షాపులోనూ లేదు, ఊరంతా అదే కొంటోంది. ఫ్యాను తీగని తిన్నగా స్విచ్చికి కలిపేశాడు. ఇక ఆ ఫ్యానుకి రెండే తెలుసు. ఆగిపోవడం, లేదా కప్పు ఎగిరిపోయేలా తిరగడం.

ఆయన భార్యకి ఎప్పుడూ ఉక్క. ఆయనకి ఎప్పుడూ చలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపు తలుపు ఓరగా వేసి, వెనక గదిలో ఇద్దరూ కాసేపు నడుం వాలుస్తారు. ఆ రోజు ఆమె స్విచ్చి వేసింది. వంకీకి తగిలించిన చొక్కా రెండు చేతులూ ఊపింది. ఆయన లేచి స్విచ్చి తీశాడు. ఆమె లేచి వేసింది. ఆయన దుప్పటి కప్పుకుని చూశాడు. దుప్పటి ఎగిరిపోయింది. లేచి తీశాడు.

"ఊరందరి మోటార్లూ తిప్పుతారు. మన ఇంట్లోది ఆపడం ఒక్కటే వచ్చు మీకు" అంది ఆమె.

ఆయన చూపుడువేలు పైకెత్తాడు.

ఆ వేలు సంగతి వీధిలో అందరికీ తెలుసు. తీగ చుట్టేవాడు చుట్లు లెక్కపెట్టుకోవాలి. మధ్యలో ఎవరికైనా బదులు చెబితే లెక్క పోతుంది, చుట్టిందంతా విప్పాలి. అందుకని షాపులో ఎవరు పలకరించినా ఆయన వేలెత్తుతాడు. ఆగు, లెక్కలో ఉన్నాను అని. లెక్క అయ్యాక "ఊఁ" అంటాడు. ఏళ్ళు గడిచేసరికి ఆ వేలు షాపు దాటి ఇంట్లోకి వచ్చేసింది. కూర ఇంకాస్త వెయ్యనా అంటే లేస్తుంది. ఒంట్లో ఎలా ఉంది అంటే లేస్తుంది.

"ఆ వేలు దించండి. ఇక్కడేం చుట్టడం లేదు మీరు" అంది ఆమె. దిండు చంకలో పెట్టుకుంది. షాపులోంచే మేడమెట్లకి దారి. కొడుకూ కోడలూ ఉండే పై వాటాకి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

షాపు బల్ల మీద పిండిమరాయన కూర్చుని ఉన్నాడు. తన మోటారు వంతు ఎప్పుడొస్తుందా అని వరద తీసిన దగ్గర్నుంచీ రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. మర ఆగిపోయిన మనిషికి వేరే పనేముంటుంది.

"వదిన దిండు పట్టుకుని పైకెళ్ళిందే అన్నా" అన్నాడు. "పైన కూడా ఏదన్నా కాలిందా?"

వైండింగాయన వేలెత్తాడు. మిషన్ మీద తీగ కూడా లేదు.

ఆ మధ్యాహ్నం ఫ్యాను ఆగే ఉంది. ఆయనకి కావలసినట్టే ఉంది. వెడల్పాటి మంచం మీద ఆయన తన పక్కనే, గోడవైపు ఒదిగి పడుకున్నాడు. రెండో పక్క అంతా ఖాళీ. కళ్ళు మూసుకుని లేని చుట్లు లెక్కపెట్టాడు. నిద్ర రాలేదు. లేచి వెళ్ళి వేళ కాని వేళ పంపు మోటారొకటి విప్పాడు.

*

పడుకోవడానికి ఆమె రాత్రికీ దిగలేదు. మర్నాడూ దిగలేదు. వంటకి దిగేది, వడ్డించేది, గిన్నెలు సర్దేది, దిండు దగ్గరికి వెళ్ళిపోయేది. ఆయన కంటే ఎక్కువ అవస్థ కోడలిది. ఆ అమ్మాయి ఒక శిక్షణ కేంద్రంలో పిల్లలకి చిన్న చిన్న బోర్డులతో లైట్లు వెలిగించడం, బొమ్మల్ని నడిపించడం నేర్పుతుంది. పొద్దున్నే పనికి వెళుతూ షాపులోకి వచ్చింది. చేతిలో అట్టపెట్టె ఉంది.

"మావయ్యగారూ, మీతో పని."

ఆయన సుత్తితో మోటారు గాడుల్లోంచి కాలిన తీగ కొట్టి తీస్తున్నాడు. సుత్తి ఆపాడు.

"అత్తయ్యగారు పైకి వచ్చాక నా వంటింట్లో ఉప్పు ఎక్కడుందో నాకు తెలియడం లేదు. నా చీరలు మడిచిన తీరు బాగాలేదని మళ్ళీ మడిచారు. ఆయనకి చెబుదామంటే ఆయన మీ అబ్బాయి కదా, ఊఁ అంటారు."

"ఊఁ" అన్నాడు ఆయన.

పిండిమరాయన బల్ల మీద నవ్వాడు. కోడలు అట్టపెట్టె విప్పింది. అరచేతిలో సగం ఉన్న నీలం బోర్డు. గట్టిగా మూసేసిన నల్ల పెట్టె ఒకటి. ఇంకా మూరెడు పొడుగున, కాగితమంత పల్చగా ఒక పట్టీ. దాని ఒక చివర మూడు సన్న కాళ్ళు.

"ఈ నల్ల పెట్టె ఫ్యాను కరెంటుకి. ఇది మా దగ్గర తయారుచేసిందే, దీని జోలికి వెళ్ళకండి, ఫ్యాను తీగ మాత్రం కలపండి. ఈ పట్టీని మంచానికి తలవైపు చెక్క మీద అంటిస్తాం. అడ్డంగా, ఇద్దరికీ అందేలా. పట్టీ మీద వేలు నొక్కి జరిపితే చాలు. మీ వైపుకి జరిపితే ఫ్యాను నెమ్మది. అత్తయ్యగారి వైపుకి జరిపితే జోరు. వేలు తీసేస్తే ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. ఎవరూ లేవక్కర్లేదు, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు."

ఆయన పట్టీని అందుకున్నాడు. తీగ లాగి లాగి ఆయన వేళ్ళు కాయకాచి చెక్కముక్కల్లా ఉంటాయి. బొటనవేలితో నొక్కి చూశాడు. పట్టీ కొద్దిగా లోపలికి వెళ్ళి మళ్ళీ లేచింది. ఇంకోసారి నొక్కాడు.

"దీనికి మెత్తటి వేలే కావాలని లేదు, బరువు తగిలితే చాలు" అంది కోడలు. "ఈ చివరి కాలు బోర్డు మీద అయిదు వోల్టుల దగ్గర. ఆ చివరిది గ్రౌండుకి. మధ్య కాలు చెబుతుంది, వేలు ఎక్కడుందో. అది బోర్డుకి ఇక్కడ కలుస్తుంది. బొమ్మ గీసి పెట్టాను చూడండి. దీనితో పాటు ఇది." ఒక చిన్న పొట్లం ఇచ్చింది. లోపల బియ్యపుగింజంత ఒళ్ళు, రెండు పక్కలా వెంట్రుకల్లాంటి కాళ్ళు, ఒంటి మీద రంగు గీతలు. "ఇది మధ్య కాలికీ గ్రౌండుకీ నడుమ. మర్చిపోకండి. ఇంకొకటి. కాళ్ళకి వేడి తగలకూడదు, పట్టీ కరిగిపోతుంది, గుచ్చితే చాలు. ఇంకా, ఇద్దరూ ఒకేసారి రెండు చివర్లా నొక్కకూడదు. కాలిపోతుంది."

"మాదీ అంతేనమ్మా" అన్నాడు పిండిమరాయన. "ఇద్దరం ఒకేసారి మొదలుపెడితే ఇల్లు కాలిపోతుంది."

కోడలికి బస్సు వేళయింది. వెళ్ళిపోయింది.

పిండిమర మోటారు ఆ రోజు మొదలవ్వాలి. పిండిమరాయన దాన్ని ఆశగా చూశాడు. వైండింగాయన దాన్ని కాలితో పక్కకి జరిపి, బల్ల మీద గుడ్డ పరిచి, పట్టీ దాని మీద పెట్టాడు.

మొదట సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాడు. వేడి తగలకూడదని కోడలు చెప్పింది, ఆయన విన్నాడు. కాని గుచ్చి వదిలేసిన అతుకుని ఆయన అతుకు అనడు. సీసం పొయ్యనిది అతుకెలా అవుతుంది. ఒక్క క్షణం తగిలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఐరన్ మొన బొటనవేలంత ఉంటుంది, మోటారు తీగల కోసం. అది తగలగానే పట్టీ చివర పాల మీది మీగడలా ముడుచుకుపోయింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు. తిరగేసి కాసేపు చూశాడు.

"అలాగే ఉండాలా అది?" అన్నాడు పిండిమరాయన.

వేలు లేచింది.

సాయంత్రం కోడలు వచ్చి, గుడ్డ మీది పట్టీని చూసి పైకెళ్ళింది. పైనుంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. డబ్బాల మూతల గురించి ఏదో చెబుతోంది. మర్నాడు పొద్దున్న కోడలు ఇంకో పట్టీ తెచ్చి, ఈసారి ఆయన ఎదురుగానే మూడు కాళ్ళనీ మూడు రంధ్రాల ప్లాస్టిక్ ముక్కలో గుచ్చి, మిగిలింది మీరే చేసుకోండి అని బస్సుకి పరిగెత్తింది.

ఆయన బొమ్మ ముందు పెట్టుకున్నాడు. ఎర్ర తీగ, నల్ల తీగ, మధ్యది పసుపు. అక్షరాలు కూడబలుక్కోవలసినవి రెండే ఉన్నాయి, మిగతాది బొమ్మే. మూడు తీగలూ కలిపాడు. పొట్లం విప్పి ఆ గింజని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. రెసిస్టర్. ఆయనకి తెలియనిది కాదు. ఆయన లెక్కలో రెసిస్టెన్సు అంటే దొంగ అతుకు, తుప్పు పట్టిన తీగ, సరిగ్గా గీకని వార్నిష్. ఎక్కడ రెసిస్టెన్సు ఉంటే అక్కడ మోటారు వేడెక్కుతుంది, కాలుతుంది, మనిషి తిట్టుకుంటూ మళ్ళీ షాపుకి వస్తాడు. పనిలో దిగిన నాటి నుంచీ ఆయన చేసింది దాన్ని వెతికి తీసెయ్యడం. ఇప్పుడు చేతులారా తెచ్చి పెట్టమంటే ఎలా పెడతాడు. పిల్ల బడిలో నేర్చుకున్నది, జాగ్రత్త కోసం చెప్పి ఉంటుంది. గింజని తుక్కు డబ్బాలో పడేశాడు. రాగి ముక్కల మధ్య అది కనిపించకుండా పోయింది.

తర్వాత పని మీద ఆయనకి మనసు పుట్టింది. తీగలన్నిటికీ స్లీవు తొడిగాడు. బోర్డుని మోటారు గాడుల్లో వేసే మందపు కాగితంలో చుట్టాడు. దాని మీద నూలుదారంతో, మోటారులో తీగచుట్టల తలలు కట్టినట్టు, దగ్గర దగ్గరగా ముళ్ళు వేసి బిగించాడు. చెక్కకి వెనకవైపు మేకులు కనిపించకుండా నిలబెట్టాడు. పట్టీ ముందువైపు అడ్డంగా, రసమట్టం పెట్టి చూసి అంటించాడు. సాయంత్రం కోడలు వచ్చేసరికి ఆయన మంచం పక్కన నిలబడి పట్టీ మీద వేలు పెట్టి, అటూ ఇటూ జరుపుతున్నాడు. వేలు ఎటు జరిగితే ఫ్యాను అటు విన్నది.

"అన్నీ పెట్టారు కదా?"

"ఊఁ."

ఆమె చెక్క వెనక్కి వంగి చూసింది. మందపు కాగితం, నూలు ముళ్ళు. విప్పి చూడాలంటే రాత్రంతా పడుతుంది. పైనుంచి, "అమ్మాయ్, ఈ పప్పుడబ్బా కిటికీ పక్కన పెట్టావేం, పురుగు పట్టదా" అని వినిపించింది. కోడలు నిటారుగా లేచి నిలబడింది.

"చాలా బాగుంది మావయ్యగారూ. నేను వెళ్ళి అత్తయ్యగారి దిండు తెస్తాను."

*

ఆమె దిగి వచ్చింది. మర్నాటి మధ్యాహ్నం తన పక్కన తను పడుకుని, పట్టీని ఒకసారి గోటితో తట్టి చూసింది.

"ఇదేనా?"

"ఊఁ."

ఆమె వేలు పెట్టి తన వైపుకి జరిపింది. ఫ్యాను అందుకుంది. చొక్కా చేతులూపింది. ఆయన ఆమె వేలు తీసేదాకా ఆగి, తన వేలు పెట్టి ఇటు జరిపాడు. ఫ్యాను నెమ్మదించింది. ఆమె అటు, ఆయన ఇటు. కాసేపటికి పట్టీ మధ్యలో ఎక్కడో ఇద్దరి వేళ్ళూ అలిసిపోయాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

ఫ్యాను జోరందుకుంది.

"ఎందుకు పెంచావు?" అన్నాడు ఆయన.

"నేనా? నా చెయ్యి చెంప కింద ఉంది."

ఆయన తల తిప్పి చూశాడు. చెయ్యి చెంప కిందే ఉంది. అంతలో ఎలా పెట్టింది అనుకున్నాడు. పట్టీ మీద నొక్కి తగ్గించాడు. మళ్ళీ పడుకున్నాడు. ఫ్యాను ఇంకా తగ్గింది. రెక్కలు ఒకటొకటిగా కనిపించేంత తగ్గింది.

"చంపండి నన్ను" అంది ఆమె. "ఉక్కపోసి చంపండి. తగ్గించింది చాలక ఇంకా తగ్గిస్తారా?"

"నేను ముట్టుకోలేదు."

"మరి ఎవరు, పైనుంచి మీ అబ్బాయా?"

"నువ్వే మొదట పెంచావు."

"నేను పెంచలేదు అన్నానా లేదా?"

"పెంచి చెంప కింద పెట్టుకున్నావు."

ఆమె లేచి కూర్చుంది. ఒక్క ఊపున ఆయన నోట్లోంచి అన్ని మాటలు రావడం ఆమె విని చాలా కాలమైంది. ఆయన కూడా లేచి కూర్చున్నాడు. ఫ్యాను ఇద్దరి మీదా గిర్రున తిరిగింది.

"ఇదిగో చూడు" అన్నాడు ఆయన.

"చూడండి మీరే. మీకు మొదట్నుంచీ ఇంతే. చాటుగా చెయ్యడం. ఆ రోజు బస్సులో కిటికీ మూసిందెవరు?"

"ఏ బస్సు?"

"పెళ్ళయిన కొత్తలో. మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు. నాకు కునుకు పట్టగానే మూసేశారు. నేను చెమటతో లేచాను."

"వాన పడింది."

"చినుకులు."

"వాన. నా భుజం తడిసింది. ఆ చొక్కా రంగు వదిలింది. నీ చీరకి అంటింది."

ఆమె నోరు తెరిచి మూసుకుంది. "అది గుర్తుందా మీకు?"

"పసుపు చీర" అన్నాడు ఆయన. "నువ్వు వాళ్ళింట్లో కొంగు చాటున పెట్టుకుని తిరిగావు."

"అందరూ నాకు చెయ్యి నొప్పేమో అనుకున్నారు" అంది ఆమె. తర్వాత కోపంలో ఉన్నానని గుర్తొచ్చి, "అయినా మీరు పెంచలేదంటే నేను నమ్మను" అంది.

"నేను పెంచుతానా? నాకు చలి. పెంచేది నువ్వు."

"ఇప్పుడు తగ్గింది, ఇది కూడా నేనేనా?"

షాపులో పిండిమరాయన లేచి, చెప్పులు చప్పుడు చెయ్యకుండా వెనక గది తలుపు దగ్గరికి వచ్చి విన్నాడు. తన మోటారు ఇంకా బురదతోనే ఉంది. అయినా చెప్పుకోవడానికి ఇంటికి పట్టుకెళ్ళేది ఒకటి దొరికింది. వైండింగాయన షాపులోకి వచ్చేసరికి బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

"లోపల ఎవరన్నా చుట్టాలొచ్చారా అన్నా? కొత్త మగగొంతు వినిపించింది."

"ఫ్యాను పెంచి లేదంటుంది" అన్నాడు వైండింగాయన. "చెయ్యి చెంప కింద పెట్టుకుంటుంది. నేను చూడనని."

పిండిమరాయన ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట ఇంతవరకు వినలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె పైకి వెళ్ళింది. కోడలి మొహం వాడింది. కాని ఆమె తన దువ్వెనా, కళ్ళజోడూ, నొప్పుల నూనె సీసా తీసుకుని మళ్ళీ దిగిపోయింది. "ఆ మనిషిని కనిపెట్టి ఉండాలి" అని మాత్రం చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె షరతు పెట్టింది. ఇద్దరూ వెల్లకిలా పడుకోవాలి. ఇద్దరి చేతులూ గుండెల మీద ఉండాలి. కదిలినవాళ్ళు దొంగ.

పడుకున్నారు. ఫొటో తీయించుకుంటున్నట్టు పడుకున్నారు. ఫ్యాను మధ్యరకంగా తిరుగుతోంది. ఆమె కళ్ళు ఆయన చేతుల మీద, ఆయన కళ్ళు ఆమె చేతుల మీద. షాపులో ఎవరో ఈగని తోలుకున్న చప్పుడు.

ఫ్యాను జోరందుకుంది.

నాలుగు చేతులూ ఉన్నచోటే ఉన్నాయి.

"మీరు కాదు" అంది ఆమె మెల్లగా.

"నువ్వూ కాదు."

ఫ్యాను తగ్గింది. కాసేపు ఆలోచించినట్టు తిరిగింది. మళ్ళీ పెరిగింది.

"తలతో నొక్కారా?"

"తలతోనా?"

"చెప్పలేం. మీకు తల ఆ చెక్కకి ఆనించే అలవాటుంది."

ఆయన తల ఎత్తి చూపించాడు. చెక్కకీ తలకీ నడుమ దిండు ఉంది. తల అలాగే గాలిలో పెట్టి, మెడనరాలు బిగుసుకుని, ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను తగ్గింది. ఆమెకి నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆపుకున్నకొద్దీ మంచం ఊగింది. ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వితే గొంతులో తీగ తెగిన చప్పుడు వస్తుంది, అది విని ఆమె ఇంకా నవ్వింది.

"నిన్నంతా నన్ను తిట్టారు" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు తిట్టలేదా?"

"నేను రోజూ తిడతాను. మీరు తిట్టడం కొత్త."

ఆ మధ్యాహ్నం వాళ్ళు నిద్రపోలేదు. ఫ్యాను ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని పందెం వేసుకున్నారు. ఆమె పెరుగుతుంది అంటే తగ్గింది. ఆయన తగ్గుతుంది అంటే పెరిగింది. దానికి దయ్యం పట్టిందని ఆమె, తీగల్లో ఏదో ఉందని ఆయన. ఏముంది అని ఆమె అడిగితే చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. మోటారు ఎందుకు తిరుగుతుందో, చుట్టు ఒకటి తక్కువైతే ఏమవుతుందో. ఆమె ఏళ్ళ తరబడి ఆ షాపు ఊడ్చింది గాని మోటారు ఎందుకు తిరుగుతుందో ఎవరూ ఆమెకి చెప్పలేదు.

*

ఫ్యానుకి దయ్యం పట్టిందని అత్తగారు పొంగిపోతూ చెప్పడం విని, మర్నాడు కోడలు పనికి సెలవు పెట్టింది. కత్తెర తెచ్చి, నూలు ముళ్ళు ఒకటొకటిగా కత్తిరించింది. ప్రతి ముడికీ వైండింగాయన ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. కాగితం విప్పి, తీగలు చూసి, కోడలు అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"మావయ్యగారూ, ఆ చిన్నది ఏది?"

"ఏది?"

"పొట్లంలో ఇచ్చాను. గింజంత."

ఆయన వేలు లేవబోయింది. కోడలు ఆ వేలునే చూస్తూ కూర్చుంది. ఆయన వేలు దించి, లేచి వెళ్ళి, తుక్కు డబ్బా తెచ్చి గది మధ్యలో గుడ్డ మీద బోర్లించాడు. ముగ్గురూ చుట్టూ కూర్చుని రాగి ముక్కల్లో వెతికారు. పిండిమరాయన కూడా వచ్చి కూర్చున్నాడు. అత్తగారికి దొరికింది.

"ఇదా దయ్యం?" అంది చేతిలో పెట్టుకుని.

"ఇది లేకపోవడం అత్తయ్యగారూ. వేలు నొక్కినప్పుడు మధ్య తీగ నిజం చెబుతుంది. వేలు తీసేశాక అది గాలిలో వేలాడుతుంది, దేనికీ అంటుకుని ఉండదు. చుట్టుపక్కల కరెంటు ఎటు లాగితే అటు ఊగి నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఈ చిన్నది దాన్ని మెల్లగా గ్రౌండుకి పట్టి ఉంచుతుంది. అప్పుడు వేలు లేకపోతే సున్నా అంటుంది. సున్నా అంటే ఎవరూ తాకలేదని బోర్డుకి అర్థం, ఫ్యానుని కదపదు."

"దొంగ అతుకు అనుకున్నాను" అన్నాడు వైండింగాయన.

కోడలు రెండు కాళ్ళూ వంచి గుచ్చింది. అంతే పని. వేలు పెట్టి జరిపి, తీసేసి, అందరూ నిలబడి చూశారు. ఫ్యాను వదిలినచోటే తిరిగింది. చాలాసేపు చూశారు. అలాగే తిరిగింది.

కోడలు తేలికపడి పైకెళ్ళింది. వైండింగాయన పిండిమర మోటారు ముందేసుకున్నాడు. ఇన్నాళ్ళకి దాని బురద కడిగాడు, కొత్త తీగ కట్టాడు. పిండిమరాయన పక్కన చతికిలబడి ఏదో అడిగితే వేలు లేచింది. ఈసారి నిజంగానే లెక్క ఉంది.

మధ్యాహ్నం మంచం మీద ఆమె పట్టీని ఒకసారి తన వైపుకి జరిపింది. ఆయన కాస్త ఇటు జరిపాడు. ఆమె ఊరుకుంది. ఫ్యాను అక్కడే తిరిగింది. ఉక్కా లేదు, చలీ లేదు. గాలి సమంగా, మర్యాదగా వచ్చింది. చొక్కా వంకీకి కదలకుండా వేలాడింది.

ఆమె కప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆయనా కప్పు వైపే చూస్తున్నాడు.

"నిద్రపోయారా?"

"ఊఁహూఁ."

"ఏదన్నా చెప్పండి."

ఆయన ఆలోచించాడు. నిన్న ఇదే మంచం మీద మాటలు వాటంతట అవే వచ్చాయి. ఇవాళ గొంతులోకి చెయ్యి పెట్టి వెతికినా ఏమీ తగల్లేదు. తనకి తెలియకుండానే చూపుడువేలు పైకి లేచింది. అది లేచాక ఆయనకి కనిపించింది. దించుదామనుకునేలోపల ఆమె కూడా చూసింది.

"ఫ్యాను బాగుంది" అన్నాడు.

"బాగుంది."

కొంతసేపటికి ఆమె లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. దువ్వెనా కళ్ళజోడూ తీసుకుంది.

"ఎక్కడికి?"

"పైకి. ఆ అమ్మాయి ఇవాళ ఇంట్లోనే ఉంది కదా, ఎవరితోనన్నా మాట్లాడచ్చు."

"ఫ్యాను బాగైంది కదా."

"నిన్నే బాగుంది" అంది ఆమె.

"నిన్న పాడై ఉంది."

"అదే అంటున్నాను" అంది, దిండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మెట్ల మీద ఆమె అడుగులు పైదాకా విని ఆయన పడుకునే ఉన్నాడు. పైన ఏదో డబ్బా జరిపిన చప్పుడు, కోడలు "అయ్యో అత్తయ్యగారూ, అది అక్కడే ఉండనివ్వండి" అనడం వినిపించాయి. ఫ్యాను వదిలినచోటే తిరిగింది. ఆయన పట్టీ మీద తన వేలు పెట్టి, చివరిదాకా ఆమె వైపుకి జరిపాడు. చలి వేసింది. అలాగే ఉంచుకుని పడుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్న ఇల్లింకా లేవకముందు ఆయన మంచం వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాగితం విప్పే ఉంది, కోడలు కత్తిరించిన ముళ్ళు మళ్ళీ వేసుకునే తీరిక ఆయనకి దొరకలేదు. రెండు గోళ్ళతో ఆ గింజని పట్టుకుని పైకి లాగాడు. ఊడి వచ్చింది. తుక్కు డబ్బా వైపు చూసి, వద్దనుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు.

షాపులో పిండిమరాయన అప్పటికే తోపుడు బండి తెచ్చి, సిద్ధమైన మోటారు పక్కన నిలబడి ఉన్నాడు. "ఇవాళ మోటారు ఇస్తావా అన్నా, లేక తిరగలి తిప్పుకోమంటావా" అన్నాడు.

"ఎత్తు" అన్నాడు వైండింగాయన. ఇద్దరూ మోటారుని బండి మీదికి ఎత్తారు. "వెళ్ళిపోకు. ఇప్పుడే వస్తాను" అన్నాడు మళ్ళీ.

మేడమెట్లు ఎక్కాడు. పై వాటా గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చాప మీద కూర్చుని కోడలి చీరలు మడుస్తోంది. కోడలు గోడకి ఆనుకుని ఆ చీరలనే చూస్తోంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. వేలు లేవకుండా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఫ్యాను ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు. "నిన్న ఒకచోట పెట్టి పడుకున్నాను. ఇవాళ దానిష్టం వచ్చినట్టు తిరుగుతోంది. నువ్వు రాత్రి దిగి వచ్చావు. దిగి వచ్చి జరిపి వెళ్ళావు. నాకు తెలుసు."

కోడలు ఆదుర్దాగా లేచింది. "మళ్ళీ పాడైందా? ఉండండి, నేను చూస్తాను."

ఆమె తల ఎత్తి ఆయన్ని చూసింది. మొహం చూసింది, తర్వాత చొక్కా జేబు చూసింది. జేబు అంచు మీదుగా వెంట్రుకలాంటి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. ఆమె చూపు అక్కడ కాస్త ఆగింది.

"నువ్వు ఉండు అమ్మాయ్. నీకు బస్సు వేళవుతుంది" అంది. చీర పక్కన పెట్టింది. దిండు అందుకుంది. "నేను రాత్రి దిగి వచ్చానా? నిద్రలో నడిచేది మీరు. ఆ బస్సులో కిటికీ కూడా నిద్రలోనే మూశానన్నారు అప్పట్లో."

"నేనెప్పుడన్నాను?"

"అన్నారు. మా పిన్ని ముందు అన్నారు."

"మీ పిన్నికి చెవుడు."

"ఆవిడకేం చెవుడు లేదు" అంటూ ఆమె దిండుతో మెట్లు దిగింది. ఆయన ఆమె వెనకే, మెట్టుకో మాట చొప్పున అంటూ దిగాడు.